బిగించబోతే విప్పిన స్క్రూడ్రైవర్

2018 జూన్ మొదటి వారంలో నన్ను మాదన్నపేట దగ్గరున్న మా చేతి పనిముట్ల కర్మాగారంలో డిజైన్ విభాగానికి డిప్యూటీ మేనేజర్‌గా వేశారు. అప్పటికి నా పదవీ విరమణకు ఏడాదిన్నర ఉంది. డిప్యూటీ అంటే పైన మేనేజర్ ఒకాయన ఉండాలి. ఆ కుర్చీ నాలుగేళ్లుగా ఖాళీ. అందువల్ల విభాగాధిపతినీ నేనే, ఆయన కింద పనిచేసేవాణ్ణీ నేనే. కుర్చీ ఖాళీగా ఉన్నా ఆ నాలుగేళ్లలో ఎవరికీ తేడా ఏమీ కనిపించలేదు.

నాకు అప్పగించిన పని రాట్చెట్ స్క్రూడ్రైవర్. మామూలు స్క్రూడ్రైవర్‌తో బిగించేటప్పుడు ప్రతి అర చుట్టుకూ పట్టు వదిలి మళ్లీ పట్టుకోవాలి. రాట్చెట్ ఉంటే ఆ బాధ లేదు. మణికట్టు ముందుకు తిప్పితే స్క్రూ తిరుగుతుంది, వెనక్కి తిప్పితే పిడి మాత్రమే కిరకిరమంటూ వెనక్కి వస్తుంది. లోపల ఒక పళ్ల చక్రం, ఆ పళ్లలో పడి పట్టుకునే రెండు చిన్న ఉక్కు ముక్కలు ఉంటాయి. వీటిని మా పుస్తకాల్లో పాల్ అంటారు, పాతబస్తీ సైకిల్ షాపుల్లో కుత్తా అంటారు. పట్టిందంటే వదలదు కాబట్టి రెండో పేరే నాకు ఇష్టం. ఒక కుత్తా కుడివైపు బిగించడానికి, ఇంకొకటి ఎడమవైపు విప్పడానికి. ఏది పట్టుకోవాలి, ఏది లేచి ఉండాలి అన్నది చుట్టూ ఉన్న రింగు నిర్ణయిస్తుంది. రింగు లోపలి అంచులో ఒక పక్కకు కోసిన గాడి ఉంటుంది. పిడి మీద రెండు బాణాలు అచ్చు పోసి ఉంటాయి. రింగు మీది చుక్కను కావలసిన బాణానికి ఎదురుగా తెస్తే చాలు.

చెప్పడానికి ఇంతే. చేయడానికి అయిదు నెలలు పట్టింది. స్ప్రింగు గట్టిగా ఉంటే పిడి వెనక్కి రాదు, మెత్తగా ఉంటే కుత్తా జారుతుంది. ఆరో నమూనా నా చేతిలో సరిగ్గా కిరకిరమన్న రోజు మధ్యాహ్నం అన్నం తినడం మరిచిపోయి దాన్నే తిప్పుతూ కూర్చున్నాను. అంత సంతోషం నాకు ఏ ప్రమోషన్‌కూ కలగలేదు.

ఆ నెలలోనే కంపెనీలో నాణ్యతా వారోత్సవాలు వచ్చాయి. ప్రతి కాగితం మీదా 'నాణ్యతే మన శ్వాస' అన్న నినాదం ఉండాలని పైనుంచి సర్క్యులర్ వచ్చింది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, నాలుగు భాషల్లోనూ ఉండాలి. డ్రాయింగు షీటుకు కుడి కింది మూలలో వివరాల పట్టీ ఒకటి ఉంటుంది. భాగం పేరు, కొలతల ప్రమాణం, గీసినవారి సంతకం, ఆమోదించినవారి సంతకం, అన్నీ అందులోనే. నాలుగు భాషల శ్వాసకు అందులో చోటు లేదు. ఏదో ఒకటి తీసేయాలి. సంతకాలు తీస్తే ఊరుకోరు. మిగిలింది ఒక చిన్న బొమ్మ, కొన కోసిన శంకువు, పక్కన రెండు వలయాలు. దాన్ని తీసేసి అక్కడ నాణ్యతను పెట్టాం.

ఆ బొమ్మ దేనికో చెప్పాలి. ఒక వస్తువును ఎదురుగా చూసి ఒక బొమ్మ గీస్తాం, పక్కనుంచి చూసి ఇంకొకటి గీస్తాం. మన దేశంలో ఎడమవైపు నుంచి చూసినదాన్ని కుడి పక్కన గీయడం పద్ధతి. దీన్ని ఫస్ట్ యాంగిల్ అంటారు. అమెరికా పద్ధతిలో కుడివైపు నుంచి చూసినదాన్నే కుడి పక్కన గీస్తారు. అది థర్డ్ యాంగిల్. ఏ పద్ధతో చెప్పేది ఆ శంకువు బొమ్మ ఒక్కటే. అది లేకపోతే ఒకే డ్రాయింగును ఇద్దరు చదివి ఒకరు కుడి చెప్పునీ, ఇంకొకరు ఎడమ చెప్పునీ చేసే ప్రమాదం ఉంది. నేను ఉద్యోగం మొదలుపెట్టిన కంపెనీకి అమెరికా వాళ్లతో ఒప్పందం ఉండేది. అక్కడ చెయ్యి తిరిగిన పద్ధతి నన్ను వదల్లేదు. ఇన్నేళ్లూ థర్డ్ యాంగిల్‌లోనే గీశాను, బొమ్మ పెట్టాను, ఎవరికీ ఇబ్బంది రాలేదు.

రింగులు చేసే పని యాదగిరికి వెళ్లింది. దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో అతని వర్క్‌షాపు. రెండు లేత్ మిషన్లు, ఒక మిల్లింగ్ మిషన్, ఆరుగురు పనివాళ్లు. ముప్పై ఏళ్లుగా మా కంపెనీ పని తప్ప వేరే పని పట్టుకోలేదు. ఎనిమిది వందల రింగులు గడువుకు రెండు రోజుల ముందే పంపాడు. తనిఖీ విభాగం అధికారిణి విజయలక్ష్మిగారు గేజులు పెట్టి చూశారు. గేజు అంటే కొలత సరిపోతే దూరేది, సరిపోకపోతే దూరనిది. గాడి వెడల్పు, లోతు, వాలు, అన్నీ సరిపోయాయి. ఎడమ చెప్పు కూడా కుడి చెప్పంత పొడవే ఉంటుంది కదా. ఆవిడ సంతకం చేశారు.

తొలి ప్రదర్శన మీటింగు హాల్లో పెట్టారు. జనరల్ మేనేజర్, విభాగాధిపతులు, మొత్తం తొమ్మిది మందిమి. ఆ హాలు తలుపు పిడి ఏళ్ల తరబడి వదులుగా ఊగుతుండేది. మన పనిముట్టుతోనే శుభారంభం చేద్దామని జనరల్ మేనేజర్ లేచి, తలుపు వేసి, చుక్కను బిగించే బాణానికి తెచ్చి, పిడి స్క్రూ మీద పెట్టి తిప్పారు. కిరకిరమని శ్రావ్యంగా మోగింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన ఉత్సాహం పెరిగి రెండో స్క్రూ కూడా తిప్పారు. లోపలి పిడి ఆయన చేతిలోకి వచ్చేసింది. బయటి పిడి, మధ్యలోని ఇనుప కడ్డీతో సహా వరండాలో పడ్డ చప్పుడు వినిపించింది.

లోపల తొమ్మిది మందిమి, తలుపుకు పిడి లేదు. ఎవరో అనుమానంతో ఒక కుర్చీ మీద ప్రయత్నించారు. దాని చేయి ఊడింది. ఇంకొకరు గోడ మీది నాణ్యతా నినాదం బోర్డు మీద ప్రయత్నించారు. అది ఒక పక్కకు వాలింది. చుక్కను విప్పే బాణానికి పెట్టి చూస్తే బిగుస్తుందేమో అన్నాను. విజయలక్ష్మిగారు ఒప్పుకోలేదు. వాడకం సూచనలకు విరుద్ధంగా వాడితే పరీక్ష చెల్లదని ఆవిడ వాదన. రూలు ప్రకారం ఆవిడే కరెక్టు. ఫోన్ చేస్తే నలభై నిమిషాలకు కాపలాదారు వచ్చి కడ్డీ ఎత్తి రంధ్రంలో పెట్టి తలుపు తీశాడు.

విచారణ కమిటీ వేశారు. డిజైన్ తరఫున నేనూ సభ్యుణ్ణే. మూడు సమావేశాలు జరిగాయి. ఒకరు రింగును తిరగేసి పెట్టమన్నారు. దానికి ఒక వైపు అంచు ఉంటుంది కాబట్టి కుదరదు. ఒకరు ఎడమచేతి వాటం వాళ్లకు ప్రత్యేకంగా తయారు చేశామని చెప్పి అమ్మేద్దామన్నారు. బాణం మనిషి కోరికను కాదు, స్క్రూ కోరికను సూచిస్తుందని కరపత్రంలో వేద్దామని ఇంకొకరు. దీన్ని మినిట్స్‌లో కూడా రాశారు. చివరికి తేలింది ఏమిటంటే సరుకు డ్రాయింగుకు అనుగుణంగా లేదు, కాబట్టి తప్పు యాదగిరిది, అతన్ని బ్లాక్ లిస్టులో పెట్టాలి. అత్త మీద కోపం దుత్త మీద చూపడం కంపెనీల్లోనూ ఉంది, అక్కడ దాన్ని దిద్దుబాటు చర్య అంటారు. ఉత్తరం టైపయింది. నా సంతకం ఒక్కటే మిగిలింది.

రింగు చేతిలో పట్టుకుని డ్రాయింగు పక్కన పెట్టి చూసిన మొదటి రోజే నాకు సంగతి తెలిసిపోయింది. గాడి అవతలి పక్కకు కోసి ఉంది, డ్రాయింగులో శంకువు లేదు. అయినా మూడు సమావేశాల్లో నోరు మెదపలేదు. విరమణ తర్వాత రెండేళ్లు సలహాదారుగా ఉంచుకోవడం మా దగ్గర ఆనవాయితీ. ఫైలులో హెచ్చరిక ఉన్నవాళ్లకు అది వర్తించదు. నేను ఆ రెండేళ్ల మీద ఆశ పెట్టుకుని ఉన్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సంతకం పెట్టే ముందు ఒకసారి చూసి వద్దామని దబీర్‌పురా వెళ్లాను. యాదగిరి కుర్చీ తుడిచి వేశాడు, ఛాయ్ తెప్పించాడు. మిషన్లు ఆగి ఉన్నాయి. డ్రాయింగును బల్ల మీద పరిచి, తప్పు ఎక్కడ జరిగిందో తనకు అర్థం కావడం లేదన్నాడు. గుర్తు లేకపోతే ఈ గల్లీలో ఎవరైనా ఫస్ట్ యాంగిలే అనుకుంటారన్నాడు. అది నిజం. ఆ తర్వాత మెల్లగా అన్నాడు:

"నాకు డౌట్ వచ్చింది సార్. మీకు ఫోన్ జేసిన గద. ఇది ఎడమ దిక్కు నుంచి చూసిందా, కుడి దిక్కు నుంచా అని అడిగిన. డ్రాయింగ్‌ల ఎట్లుంటే గట్లనే చెయ్యి అన్నరు. గట్లనే చేసిన."

నాకు గుర్తొచ్చింది. ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను నాణ్యతా వారోత్సవాల్లో నినాదాల పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చుని ఉన్నాను. విసుగ్గా రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. యాదగిరి ఆ ఫోన్ సంగతి కమిటీకి ఎందుకు రాయలేదని అడిగాను.

"మీ పేరు ఎట్ల రాస్త సార్," అన్నాడు.

మాట మార్చడానికి నా సంచీలోని స్క్రూడ్రైవర్ తీసి అక్కడున్న మిల్లింగ్ పనివాడు మహమూద్ భాయ్ చేతికిచ్చాను. ఆయన రింగును ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి, బల్ల మీది స్క్రూను క్షణంలో బిగించి, మళ్లీ విప్పి, మాల్ మస్తుంది అన్నాడు. బాణం తప్పు చూపిస్తోంది కదా అన్నాను. ఆయన పిడిని కళ్ల దగ్గరకు తెచ్చుకుని చూశాడు.

"బాణం ఉన్నదా సార్? గది ఎవరు చూస్తరు? ఎటు పట్టుకుంటే గటు తిప్పుతం."

మూడు సమావేశాలు, ఒక బ్లాక్ లిస్టు, ఆగిపోయిన రెండు లేతులు, అన్నీ ఎవరూ చూడని ఒక బాణం గురించి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తాం. పైగా ఆ గొడ్డలి పడబోయేది యాదగిరి మెడ మీద.

మర్నాడు కమిటీలో తప్పు నాదని చెప్పాను. జనరల్ మేనేజర్ ఫైలు తెరిచి ఫారం తీశారు. లోపాల నివేదిక ఫారంలో కారణం అన్న చోట నాలుగు గడులున్నాయి. సరఫరాదారు, యంత్రం, ముడిసరుకు, ఆపరేటర్. డిజైన్ అన్న గడి లేదు. "లేని గడిలో టిక్కు ఎలా పెడతామండీ రావుగారూ?" అని ఆయన నిజాయితీగానే అడిగారు.

దారి సిబ్బంది విభాగం చూపించింది. అధికారి తప్పు ఒప్పుకుంటే అతని పై అధికారి మెమో ఇవ్వాలి, ఏడు రోజుల్లో జవాబు తీసుకోవాలి, జవాబు సంతృప్తికరమా కాదా రాయాలి. డిప్యూటీ మేనేజర్‌కు పై అధికారి మేనేజర్. మేనేజర్ బాధ్యతల్లో ఉన్నది నేను. కాబట్టి నాకు నేనే మెమో ఇచ్చుకున్నాను. అందినట్టు సంతకం చేశాను. మూడో రోజున, పని ఒత్తిడి వల్ల పొరపాటు జరిగిందని జవాబు రాశాను. అయిదో రోజున ఇంకో కుర్చీలో కూర్చుని ఆ జవాబు చదివాను. నాకు ఒళ్లు మండింది. నినాదాలకు మార్కులు వేయడం పని ఒత్తిడా? జవాబు సంతృప్తికరంగా లేదని రాసి, సదరు అధికారికి లిఖితపూర్వక హెచ్చరిక ఇచ్చాను. నా ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను మనసారా చేసిన న్యాయమైన నిర్ణయాల్లో అదొకటి. నా ఫైలులో నా సంతకంతో నా మీద అది ఇప్పటికీ ఉంది.

బ్లాక్ లిస్టు ఉత్తరం చించేశారు. శంకువు బొమ్మ పట్టీలోకి తిరిగి వచ్చింది, నినాదం షీటు వెనక వైపుకు పోయింది. కొత్త రింగులు యాదగిరే చేశాడు. సలహాదారు పదవి నాకు రాలేదు.

ఆ తర్వాత యాదగిరి నాకు ఫోన్ చేయలేదు. ప్రతి డ్రాయింగుకూ గల్లీ నుంచి బస్సెక్కి స్వయంగా వచ్చేవాడు. నా బల్ల ముందు నిలబడి, ఏ వైపు నుంచి చూసిందో షీటు మీదే రాసి సంతకం చేయమనేవాడు. శంకువు ఉంది కదా యాదగిరీ అంటే నవ్వేవాడు, కానీ కలం మాత్రం ముందే మూత తీసి పట్టుకుని ఉండేవాడు. ముప్పై ఏళ్లు అతనికి నా నోటి మాట చాలింది. చివరి ఏడాది చాలలేదు. నేను సంతకం చేసేవాణ్ణి, అతను సిరా ఆరేదాకా ఆగి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లేవాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. వస్తువు చేసేవాడు ఫోన్ చేసి ఏ వైపు నుంచి చూడాలి అని అడిగితే, చేతిలో ఉన్న పని పక్కన పెట్టి, డ్రాయింగు తెరిచి, చూసి చెప్పండి. అతను రెండోసారి అడగడు.