విమానానికి సైడ్ ఇచ్చాను

దారిన పోయే కంపను కాలికి తగిలించుకున్నవాళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. దారిన పోయే విమానాన్ని సందులోకి తీసుకుపోయి ఇరికించినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఇప్పుడు చూడండి, నేనే. అదీ ఏదో బుల్లి విమానం అనుకునేరు. లోపల నిండా జనం, జనం నెత్తిమీద సామాన్లు, ఆ సామాన్లలో సగం పచ్చళ్ళు.

అప్పుడు నేను ఎయిర్‌పోర్టులో కొత్తగా డ్రైవరుగా చేరాను. దిగిన విమానం ముందు పసుపుపచ్చ జీపులో నేను వెళ్ళాలి, నా వెనక విమానం రావాలి. అది నిలబడే చోటుదాకా అలా తీసుకుపోవాలి. జీపు వెనక ‘ఫాలో మీ’, అంటే నా వెంట రండి అని ఇంగ్లిష్‌లో ఇంతింత అక్షరాల బోర్డు కూడా ఉంటుంది. రేడియోలో నన్ను పిలిచే పేరూ అదే. ఆకాశంలో అంత దూరం తప్పిపోకుండా వచ్చిన పైలట్‌కు నేల మీద దారి తెలియదా అని నాకు అనుమానం. మా షిఫ్టు ఇన్‌ఛార్జి యాదగిరన్నను అడిగాను.

"అంత పైన కూసుంటె రెక్కల కొసలు సుత కనవడవురా. ఇప్పుడేమో ఒక దిక్కు రోడ్డు తవ్వి పెట్టిన్రు. గందుకే నువ్వు," అన్నాడు.

మా అమ్మ ఈ సంగతి మల్కాజ్‌గిరిలో మా గల్లీ అంతా చాటేసింది. "మా పిలగాడు ముంగట నడుస్తెనే విమానం కదుల్తది" అని. నేనింకా ట్రైనింగులోనే ఉన్నానని, ఒక్క పొరపాటు జరిగినా ఎయిర్‌పోర్టు లోపల బండి తోలే పర్మిట్ లాగేసుకుంటారని, పర్మిట్ పోతే ఉద్యోగమూ పోతుందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇక నా డ్రైవింగు చదువు. మా సికింద్రాబాదులో అందరిలాగే నేనూ రోడ్డు మీదే నేర్చుకున్నాను, బోయిన్‌పల్లి మార్కెట్‌కు టమాటాలు తోలే వ్యాను మీద. అక్కడి గురువులు చెప్పిన శాస్త్రం ఒక్కటే: వెనకవాడు లైటు కొడితే తప్పుకో. ఎందుకని అడిగేలోపు వాడు నీ సైడు అద్దం పట్టుకుపోతాడు.

ఒక్కణ్ణే జీపు తీసిన మొదటి రోజు అది. విమానం దిగింది. బోర్డు వెలిగించి బయలుదేరాను. అద్దంలో చూస్తే చీమ వెనక ఏనుగు నడిచినట్టు కొండంత విమానం బుద్ధిగా నా వెనకే వస్తోంది. అమ్మ చూస్తే ఎంత బాగుండేది అనుకుంటూ హుషారుగా తోలుతున్నాను.

అంతలో వెనక నుంచి లైటు వెలిగి ఆరింది. మళ్ళీ వెలిగింది, ఆరింది.

ఈయనకు ఇంత తొందరేమిటి? లోపల ఎవరికైనా నొప్పులు వస్తున్నాయా? ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాడా? నా బుర్ర ఈ ఆరా తీస్తుండగానే నా చేతులు వాటికి అలవాటైన పని చేసేశాయి. ఎడమవైపు సన్నటి దారి కనబడగానే ఇండికేటర్ వేసి, అందులోకి తిప్పి, ఓ పక్కకు ఆపి, చెయ్యి బయటపెట్టి ఊపాను. "పో అన్నా, పో!"

విమానం పోలేదు. నా వెనకే సందులోకి తిరిగింది.

తప్పెవరిదో మీరే చెప్పండి. బోర్డు మీద నా వెంట రండి అని ఉంది, వచ్చింది. చదువుకున్నవాళ్ళతో ఇదే చిక్కు.

అది చిన్న విమానాలు పోయే దారి. పక్కన దీపస్తంభాలున్నాయి. పైలట్ ముందే చూసి బ్రేకు వేయబట్టి సరిపోయింది గానీ, రెక్కకూ స్తంభానికీ మధ్య మా అమ్మ ఒక చీర ఆరేసుకునేంత జాగా మాత్రమే మిగిలింది.

కంట్రోల్ టవర్ మేడం రేడియోలో ఎప్పుడూ ఇంగ్లిష్ తప్ప మాట్లాడరు. ఆ గొంతు తెలుగులోకి దిగేసరికి నా పని అయిపోయిందని తెలిసిపోయింది.

"ఫాలో మీ, ఎక్కడికి వెళ్తున్నారు?"

"ఎక్కడికి పోతలేను మేడం. సైడ్ ఇచ్చిన."

"ఎవరికి?"

"విమానానికి."



"విమానం మిమ్మల్ని ఓవర్‌టేక్ చేస్తుందా?"

"లైట్ కొట్టింది మేడం."

"కదలకండి. ఇద్దరూ అక్కడే ఉండండి."

విమానం మన ఆటోలాగా తనంతట తాను వెనక్కి పోదని నాకు ఆ రోజే తెలిసింది. తా దూర కంత లేదు, మెడకో డోలు అంటారే, నా మెడకు ఏకంగా విమానమే పడింది. దాన్ని వెనక్కి నెట్టే ట్రాక్టర్ వచ్చేలోపు దాని వెనక ఇంకో విమానం, ఆ వెనక మరొకటి, రైల్వే గేటు దగ్గర బస్సుల్లా ఆగిపోయాయి. కిటికీల్లోంచి జనం నన్ను ఫోన్లలో తీస్తున్నారు. ఏం చేయాలో తోచక వాళ్ళకు నమస్కారం పెట్టాను.

యాదగిరన్న రొప్పుతూ వచ్చాడు. "ఏందిరా గిది? గది విమానంరా, డీసీఎం లారీ కాదు!"

"లైట్ కొట్టిండన్నా."

"కొడితే?"

"మా దిక్కు గిట్ల కొడితే తప్పుకుంటం."

"రా, పెద్దసారు ముంగట గీ ముచ్చటే చెప్పు. పర్మిట్ సుత పట్టుకరా, ఆడ్నే ఇచ్చేసి పోదువు."

నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఉద్యోగం పోవడం ఒక బాధ, గల్లీకి తిరిగి వెళ్ళడం ఇంకో బాధ.

పెద్దసారు గదిలో పైలట్ కూడా కూర్చుని ఉన్నారు. నేను బుర్రమీసాల మనిషిని ఊహించుకున్నాను. చూస్తే సన్నగా, పొట్టిగా, టీ ఊదుకుంటూ ఒకావిడ. పెద్దసారు నా పర్మిట్ తీసుకుని, "చెప్పేదేమన్న ఉన్నదా?" అన్నారు.

నాకు చెప్పేది కాదు, అడిగేది ఉంది. ఉద్యోగం పోతే పోయింది, అది తెలియకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

"మేడం, ఏమనుకోకుండ్రి. మీకు గంత అర్జెంటు ఏమొచ్చింది?"

"అర్జెంటా? నాకా?" అన్నారావిడ.

"లైట్ కొట్టిన్రు కద."

"అయ్యో, తప్పుకోమని కాదండీ బాబూ! మీరు కుక్కలు తరుముతున్నట్టు పోతుంటే అందుకోలేకపోయాను. కాస్త నెమ్మదిగా వెళ్ళమని కొట్టానండీ!"

యాదగిరన్న గోడవైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. పెద్దసారు మాత్రం మొహం గంభీరంగానే పెట్టి నా పర్మిట్‌ను సొరుగులో వేశారు.

"విమానానికి సుత అందకుండ జీపు తోలినోన్ని నిన్నే చూస్తున్న," అన్నారు. "నెల రోజులు ఏ బండి ముట్టకు, నడుచుకుంట తిరుగు. జెర స్పీడు తగ్గినంక వచ్చి పర్మిట్ తీస్కపో."

కాబట్టి మహాజనులారా, తిరిగి నా చేతికొచ్చిన ఆ స్టీరింగు మీద ఒట్టేసి చెబుతున్నాను. నా వెనక రెక్కలున్నది ఏది వచ్చినా సరే, అది లైటు కొట్టనీ, గంట కొట్టనీ, దిగొచ్చి నా కాళ్ళు పట్టుకోనీ, ఈ జన్మలో దానికి సైడ్ ఇవ్వను.