దీపం కన్ను

మా చిన్నబిడ్డ కుడికన్ను సందెవేళ మెరిసేది. కందిలి వెలుగులో, లేదంటే టార్చిలైటు వేస్తే, నల్లగుడ్డు లోపల పిల్లికంటిలా తెల్లటి వెలుగు కనిపించేది. అప్పటికి దానికి మూడేళ్ళు. మేం మంచిర్యాలలో ఉండేవాళ్ళం. మా ఆయనది బొగ్గుబాయిలో పని.

"లచ్చిందేవి దీపం వెట్టుకొని పుట్టింది నా మనుమరాలు" అని తేల్చేసింది మా అత్తమ్మ. ఆమె అన్నాక ఆ ఇంట్లో ఇంకెవరు కాదంటారు? వాడకట్టంతా వచ్చి చూసిపోయేవాళ్ళు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి మొహం కూడా కడుక్కోకుండా పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని లైటు వేసి చూపించేవాడు. అదేం తక్కువదా? చుట్టం గడప తొక్కితే చాలు, "నా దీపం సూస్తవా?" అంటూ మొహం ఎత్తి నిలబడేది. "దిష్టి తగుల్తది, ఇగ సాలియ్యిరి" అని నేను వంటింట్లోంచి కసిరేదాన్ని గానీ, నాకూ గర్వమే. కళ్ళు నెత్తికెక్కడమంటే అదే కాబోలు.

బతుకమ్మ పండుగకు కొత్త లంగా కుట్టించి, స్టూడియోకు తీసుకుపోయి దానికి ఫోటో తీయించాం. తీరా చేతికొచ్చాక చూస్తే రెండు కళ్ళూ నల్లగానే ఉన్నాయి. మా ఆయన కొట్లాటకు దిగాడు.

"మా బిడ్డ కంట్ల దీపమేదయ్యా?"

"గది దీపమా అన్నా? తెల్ల మరక వడ్డదనుకొని సన్న కుంచెతోని నల్లరంగు దిద్దిన" అన్నాడు ఫోటో తీసినాయన బిత్తరపోయి.

దిద్దకుండా ఇంకోటి కడిగించేదాకా మా ఆయన అక్కడి నుంచి కదల్లేదు. దానికి అద్దం కట్టించి ముందరి గదిలో దేవుని పటాల పక్కన వేలాడదీశాం.

ఆ చలికాలం కరీంనగర్‌లో మా తల్లిగారింటికి పోయినప్పుడు పిల్లకు దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన గొంతు చూసి, మందు రాయబోతుంటే మా పిల్ల ఊరుకుందా? "డాక్టర్ సాబ్, నా దీపం సూస్తవా?" అంది. ఆయన నవ్వి, "ఏదీ, సూపియ్యి" అని గొంతులో వేసిన లైటునే కంట్లోకి తిప్పాడు. ఆ నవ్వు సగంలోనే పోయింది. మళ్ళీ చూశాడు.

"ఎన్నాళ్ళ సంది ఉన్నదమ్మా ఇది?"

నేను సంబరంగా లక్ష్మీదేవి కథ మొదలుపెట్టాను. ఆయన పూర్తి కానివ్వలేదు. "రేపటిదాక ఆగకుర్రి. హైదరాబాద్ కంటి దవాఖానకు తోల్కపోండ్రి" అన్నాడు. దగ్గు మందు రాయడం కూడా మరిచిపోయాడు.

మా ఆయనకూ అత్తమ్మకూ కబురు పెడితే వాళ్ళూ వచ్చారు. అందరం కలిసే హైదరాబాదు పోయాం. అక్కడి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "కంట్లో గడ్డ ఉంది. క్యాన్సర్."

నాకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను. క్యాన్సరంటే బీడీలు తాగీ తాగీ ఎండిపోయిన ముసలాళ్ళకు వచ్చేదని మాత్రమే తెలుసు మాకు. నిన్నమొన్న చనుపాలు మరిచిన పిల్లకు వస్తుందా? "వేరే పిల్ల కాయితం సూసిన్రేమో మేడం" అన్నాను. ఆమె కాదన్నట్టు తల ఊపింది.

"కన్ను తీసెయ్యాలమ్మా. తీయకపోతే నరం వెంట మెదడుకు పాకుతుంది. అప్పుడు పిల్ల దక్కదు."

అత్తమ్మ గోడకు చేరగిలబడి, "లచ్చిందేవిని పీకిపిస్తరారా?" అని ఏడ్చింది. మా ఆయన పిల్లను భుజాన వేసుకున్నాడు. "నడువ్. మన దిక్కు పసరు వోసేటోడు ఉన్నడు. గంత ఎలుగున్న కన్నును ఎట్ల తీపిస్త? నా పానం వోయినా తీపియ్య."

కన్ను తీయించాలని నాకు మాత్రం ఉందా? కానీ పిల్ల దక్కదన్న మాట విన్నాక నా కాళ్ళు గుమ్మం వైపు పడలేదు. "నువ్వు వో. బిడ్డ నాతోనే ఉంటది" అని దాని కాలు గట్టిగా పట్టుకున్నాను. అటు ఆయన, ఇటు నేను. నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా గుంజుకున్నాం. పిల్ల ఏడుపు అందుకుంది.

డాక్టరమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పిల్లను తీసుకుని కిటికీ పక్కన బల్ల మీద కూర్చోబెట్టింది. మిట్టమధ్యాహ్నం, గది నిండా ఎండ. దాని చేతిలో ఒక బిస్కెట్ పెట్టి, ఎడమకన్ను మీద, ఆ బాగున్న కన్ను మీద, తన అరచేయి అడ్డం పెట్టింది.

పిల్ల ఏడుపు ఆపింది. తల అటూ ఇటూ తిప్పింది.

"అవ్వా, కరెంట్ వోయింది" అని నన్ను పిలిచింది.

మా ఆయన ముందుకొచ్చి దాని మొహం ముందు చేతులు ఊపాడు. "బిడ్డా, గిటు సూడు. బాపును."

"యాడున్నవ్ బాపూ? కందిలి ముట్టియ్యి."

ఆయన ఊపుతున్న చేతులు దించేశాడు. ఆపరేషన్ కాయితం మీద సంతకం పెట్టమని ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఇంట్లో అన్నం తినేటప్పుడు పిల్ల కుడిపక్కనున్న నీళ్ళ గిలాస తన్నేది. పోతూపోతూ కుడిభుజం తలుపుకు కొట్టుకునేది. "కండ్లు యాడ వెట్టుకొని నడుస్తున్నవే?" అని వీపు మీద ఒకటి వేసేదాన్ని. ఆ కంట్లో ఎన్నాళ్ళుగా చీకటి ఉందో ఎవరికి తెలుసు? ఆ చీకటికే లైటు వేసి చుట్టాలను పిలిచి చూపించాం. దేవుళ్ళ పక్కన అద్దం కట్టి పెట్టింది జబ్బును.

కన్ను తీశారు. తర్వాత నెలల తరబడి సూదిమందులు. బస్సుల్లో వాంతులు, నా ఒళ్ళో రాలిన వెంట్రుకలు, ఏమీ తిననని మొండికేసి పడుకున్న రోజులు. బతుకుతుందా అని అడగడానికి కూడా భయపడి, వచ్చే నెల ఎప్పుడు రావాలని మాత్రం అడిగేవాళ్ళం.

ఇంటికొచ్చాక వాడకట్టు ఆడవాళ్ళు చూడడానికి వచ్చారు. గుండు, కుడికంటికి పట్టీ. మా పిల్లకేమో ఇంటికొచ్చిన వాళ్ళకు ఏదో ఒకటి చూపించడం అలవాటు. అందరి మధ్యకూ వచ్చి నిలబడి ఎడమకన్ను అరచేత్తో మూసుకుంది. "కరెంట్ వోయింది!" చేయి తీసింది. "అచ్చింది!" ఎవరూ నవ్వకపోయేసరికి మళ్ళీ చేసింది.

అత్తమ్మ లేచి గోడ మీది ఫోటో దించి కొంగులో చుట్టుకుని లోపలికి పోయింది. ఎక్కడ పెట్టిందో నేను అడగలేదు.

ఆ పిల్ల మాకు దక్కింది. గాజుకన్నుతోనే బడికి పోయింది, పది పాసైంది, ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. నన్ను మించిన నోరు దానిది. మా ఇంట్లో కరెంటు పోతే పోయిందని ఎవరం అనం, గమ్మున లేచి కందిలి వెతుక్కుంటాం. అది మాత్రం ముందరి గదిలోంచి మామూలుగా కేకేస్తుంది, "అవ్వా, కరెంట్ వోయింది" అని. అగ్గిపెట్టె నా చేతిలోనే ఉంటుంది. పుల్ల గీయడానికి చేతులు రావు.