గద్వాల స్టేషన్లో నేర్చిన మాట

నాకు ఇంగ్లీషులో వచ్చిన మాట ఒక్కటే. దాన్ని గద్వాల స్టేషన్లో నేర్చుకున్నాను.

అప్పుడు నా పెద్దకొడుకు చంటివాడు. వాడికి పాలు తెస్తానని మా అత్త రైలు దిగింది. ఆమె తిరిగి వస్తుండగానే తెల్లదొర గార్డు ఈల వేసి పచ్చజెండా ఎత్తాడు. అత్త కేకలు వేస్తూ ఉరుకుతోంది. నేనెన్నడూ ఒంటరిగా ప్రయాణం చేసినదాన్ని కాను; పైగా టికెట్లు ఆమె కొంగుముడిలోనే ఉన్నాయి. "అయ్యో, మా అత్త!" అని ఏడ్చేశాను.

నా ఎదురుగా కూర్చున్న నడివయసు ఆమె చటుక్కున లేచి, తలుపులో నిలబడి, గార్డు వైపు చెయ్యి చాపి "వెయిట్!" అంది. బతిమాలే గొంతు కాదది, హుకుం. దొర బిత్తరపోయి జెండా దించాడు.

అత్త పాలచెంబుతో ఎక్కి, రొప్పుతూ, "నేను గంతగనం మొత్తుకున్నా ఆగనోడు నీ ఒక్క మాటకు ఆగిండేంది చెల్లె? ఏం మంత్రమేసినవ్?" అంది.

"మంత్రం కాదక్కా, ఆగుమన్న. కర్నూల్ల దొరసాని ఇంట్ల పిల్లల జూస్తుంటి. పిల్లగాడు బువ్వకు తొందరవడితే వానికి గదే మాట. కుక్క ఉరికితే దానికి గదే. నేను ఊరికి పోతనంటే నాకూ గదే."

"మరి నువ్వెవలికన్న గా మాట చెప్తుంటివా అమ్మా?" అని అడిగాను.

ఆమె నవ్వింది. "నేనెవలికి జెప్పాలె బిడ్డా? గిన్నేండ్లు వినుడే. అనుడు ఇయ్యాలనే."