ముడతల కుక్కకు నలుగు

నిన్న శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఒకావిడ ఒళ్లో ముడతల మొహం పగ్ కుక్కను చూసి నాకు మళ్లీ కుళ్లు పుట్టింది. నవ్వకండి.

ఈ ఎయిర్‌పోర్టు రాకముందు, తొంభైలలో, మా పక్కింటి సునీత వాళ్ల నాన్న బొంబాయి నుంచి అలాంటి కుక్కపిల్లనే తెచ్చాడు. మన నానమ్మలు పసిపిల్లల్ని చాపిన కాళ్ల మీద పడుకోబెట్టి నలుగు పెట్టేవాళ్లు, గుర్తుందా? మా నానమ్మ ఆ కుక్కనూ అలాగే పడుకోబెట్టింది.

"పాపం, దీనికెవ్వలు నలుగు వెట్టలే. గందుకే తోలు గిట్ల ముడతలు వడ్డది."

"మరి నాకు?" అన్నాను.

"నువ్వు పెద్దగైనవు గద బిడ్డా!"

రోజూ రుద్దినా ఒక్క ముడతా పోలేదు. నానమ్మ చేతి నువ్వుల నూనె వాసన మాత్రం ఆ ముడతల్లోనే ఉండిపోయింది. సునీత లేనప్పుడు వెళ్లి దాని నుదుటికి ముక్కు ఆనించి వచ్చేదాన్ని.