ఆదిలక్ష్మి మేడం ఆర్పనివ్వని మిణుకు

విజయనగరంలో నేను పనిచేసే జూట్ మిల్లులో రెండు జనరేటర్లను కలిపేముందు వాటి రొద "ఊం... ఊం..." అని అలలుగా లేచి పడుతుంది. రెండింటి ఫ్రీక్వెన్సీకి తేడా ఉన్నంతసేపూ ఆ అల ఉంటుంది. తేడా తగ్గేకొద్దీ నెమ్మదిస్తుంది. తేడా ఉండగానే కలిపితే యంత్రాలు దెబ్బతింటాయి. అది వినగానే నాకు ఆదిలక్ష్మి మేడం గుర్తొస్తారు. జనరేటర్ వల్ల గుర్తొచ్చారని తెలిసినా ఆవిడ కోప్పడరు. ఏ కంపెనీదని అడుగుతారు.

ఎచ్చెర్ల దగ్గర మా ఇంజినీరింగ్ కాలేజీలో ఆవిడ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ టెక్నీషియన్. తండ్రి గుళ్లో సన్నాయి వాయించేవారు. చిన్నప్పుడు పక్కన కూర్చుని శ్రుతిపెట్టె పట్టడం ఈవిడ పని. ఒక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళకి శ్రుతి జారిందని ఆయన సన్నాయి ఆపేశారట. "పెళ్లికొడుకు తాళట్టుకుని అలాగే ఉండిపోనాడు. శ్రుతి కలిసేదాకా మా నాయిన ఊదలేదు" అని గర్వంగా చెప్పేవారు. ముహూర్తం ఏమైందో అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఆఖరి ఏడు నా ప్రాజెక్టు, రెండు సిగ్నళ్ల ఫ్రీక్వెన్సీ తేడాను పట్టే సర్క్యూట్. తేడా ఉంటే ఎర్ర దీపం మిణుకుతుంది, లేకపోతే కదలకుండా నిలుస్తుంది. ల్యాబులో సిగ్నళ్లు పుట్టించే రెండు పెట్టెల మీటలూ వెయ్యి హెర్ట్జ్ మీద పెట్టినా నా దీపం మిణుకుతూనే ఉంది. ప్రాజెక్టు పోతే చేతికొచ్చిన మిల్లు ఉద్యోగమూ పోతుంది. వారం రోజులు సోల్డర్ చేసినచోటే మళ్లీ చేశాను. బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చే రోజు ఉదయం దీపానికి అడ్డంగా, ఒడిదుడుకుల్ని మింగేసే ఒక పెద్ద కెపాసిటర్ వేశాను. మిణుకు మాయమైంది. ఓ పది నిమిషాలపాటు నేను మేధావిని.

మేడం బోర్డు మీదకి వంగి చూశారు. "ఏటిరా, దీని నోరు నొక్కీసినావా?"

"నిలకడ నేర్పానండి."

"తీసీ."

"మిణికితే ఫెయిలండి, మేడం."

ఆవిడ రెండు పెట్టెలనూ ఒక చిన్న స్పీకరుకు కలిపారు. "ఊం... ఊం..." అంది.

"ఇన్నావా? ఇప్పుడు సెప్పు, తప్పు నీ బోర్డుదా, ఆ పెట్టెలదా? మీటలు రెండూ ఎయ్యి మీదుంటే సరిపోతాదేటి?"

వారమంతా నిజం చెబుతున్న బోర్డును పట్టుకుని నేను కాల్చుకు తిన్నానన్నమాట. ల్యాబంతా నమ్మిన మీటే జారింది.

"రెండూ వెయ్యి మీదే ఉన్నాయిగా, ఎందుకు మిణుకుతోంది?" అన్నారు ఎగ్జామినర్. మేడం మాట మీద పీకేసిన కెపాసిటర్ ఇంకా నా జేబులోనే ఉంది.

"అవి వెయ్యి అంటున్నాయండి. నా బోర్డు కాదంటోంది."

ఆయన నవ్వలేదు. స్పీకరు వినిపించి, ఒక మీటను వెంట్రుకవాసి తిప్పాను. అల నెమ్మదించింది, ఆగింది. దీపం నిలిచింది. నన్ను పాస్ చేసి, పెట్టెలను బాగుచేయించమని రాసి వెళ్లారు. వెనకాల మేడం అటెండరుతో అంటున్నారు: "నా దగ్గిర నేర్సుకున్నోడు." నాలుగేళ్లలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే, అదీ నాతో కాదు. నిజానికి ఆ మాట నా బయోడేటాలో మొదటి వరుసలో ఉండాల్సింది.

ఇప్పుడు మిల్లులో, అల తగ్గకముందే స్విచ్ వేసెయ్యమని సూపర్‌వైజర్ అప్పలనాయుడు మావ తొందరపెడతాడు. "అవతల మగ్గాలు ఆగిపోనాయిరా."

"ఆగనీ మావా. పెళ్లికొడుకే ఆగినాడు."

ఆయనకు అర్థం కాదు. రొద నిదానించి ఒక్కటయ్యాకే నా చెయ్యి స్విచ్ మీదకు వెళుతుంది.