ఎడమచేతి మెలిక

విశ్వవిద్యాలయంలోని జంతువుల ఎముకల మ్యూజియంలో దుమ్ము తుడిచే ఆవిడని అందరూ గుర్రం వదిన అంటారు. చూడ్డానికొచ్చే జనానికి ఆమె ఏనుగు పుర్రె దగ్గరా, సీసాల్లో పెట్టిన గుండెల దగ్గరా కనిపిస్తుంది గానీ, గుడ్డ పట్టుకుని ఎక్కువసేపు నిలబడేది గుర్రం అస్థిపంజరం దగ్గరే. దాన్ని ఎముక ఎముకా తీగతో కట్టి నిలబెట్టినవాడు ఆమె భర్త. ఆయన పోయాకే ఆమెకి ఈ ఉద్యోగం ఇచ్చారు.

ఆయనది ఎడమచేతివాటం. తీగ మెలేస్తే అందరి మెలికలకీ ఎదురు తిరిగి ఉండేది. తుడుస్తుంటే అది వేలికి తగిలిందా, ఆయన పక్కనే ఉండి ఏదో గొణుగుతున్నట్టే ఉండేది ఆమెకి. గుమ్మంలో టికెట్లు చించే ముసలాయన, "ఏమంటున్నాడమ్మా మా తమ్ముడు?" అని ఆటపట్టించేవాడు.

"మీకు చెప్పొద్దన్నారు బావగారూ," అనేది.

ఈమధ్య తీగ తుప్పుపట్టి పక్కటెముకల మీద ఎర్రటి చారలు దిగాయి. పాతదంతా కోసేసి కొత్త తీగ కట్టడానికి బయటినుంచి ఒక పనివాణ్ణి పిలిపించారు. నెమ్మదస్తుడు. వచ్చిన పూటే అక్కా అని వరస కలిపాడు. కాళ్లయ్యాయి, మెడయింది, వెన్నయింది. తీగ ముక్కలు రాలుతుంటే ఆమె చీపురు పట్టుకుని నిలబడింది గానీ ఊడవలేదు. ఏమైందని అడిగితే, ఒక్కచోటైనా ఆయన కట్టు ఉంచమని బతిమాలింది. బరువు మోసేచోట కుదరదన్నాడు, పిల్లల మీద పడితే ఎవరు పూచీ అన్నాడు. అది నిజమేనని ఆమెకీ తెలుసు. చివరికి, తోక కొసనున్న రెండు చిన్నెముకల జోలికి పోనని మాటిచ్చాడు.

తీరా తోక పైభాగం సరిచేస్తుంటే ఆ కొస తీగ దానంతటదే పుటుక్కున తెగింది. ఎముక అతని అరచేతిలో పడింది. అతను తలెత్తలేదు.

"ఇటివ్వు, నేను కడతా," అందామె.

చెయ్యి అలవాటుగా తీగని కుడివైపుకే తిప్పింది. విప్పేసింది. ఎడమ చేత్తో పట్టుకుంది. తీగ జారి వేలికి గుచ్చుకుంది. అన్నేళ్లు కాపురం చేసి కూడా ఆయన చెయ్యి ఎలా తిరిగేదో ఎప్పుడూ చూడలేదు. ఆయన ఇంట్లో తీగ ముందేసుకుని కూర్చుంటే, నేలంతా ముక్కలేనని సణుగుతూ అటు తిరిగి పనిచేసుకునేది. ఎలాగో ఒక మెలిక పడింది.

"వంకరగా ఉందక్కా," అన్నాడతను మెల్లగా. "మళ్లీ కట్టాలి."

"కడుదువుగానీలే," అంది, దాని మీంచి చెయ్యి తియ్యకుండానే. "ఇవాళ్టికి ఉండనీ."