పగవాళ్ళతో కలిసి మొగ తవ్విన రోజులు

మా చిన్నప్పుడు... మొగ తవ్వే రోజు పొద్దున్నే మా అమ్మ పగవాళ్ళకి చేపల పులుసు వండేది. తిట్టుకుంటూనే వండేది.

మొగ అంటే మా ఉప్పుకాలువ సముద్రంలో కలిసే చోటు. ఏటా అక్కడ ఇసుక మేట వేసి దారి మూసుకుపోతుంది. పడవలన్నీ కాలువ లోపలే చిక్కుకుపోతాయి. మాది మైపాడు దగ్గరే ఒక జాలరి పాళెం. పేరు చెప్పను... చెబితే ఇప్పుడున్న సంఘాలన్నీ మా ఇంటి మీదకి వస్తాయి.

కాలువకి ఇవతల మా పాళెం, అవతల వాళ్ళ పాళెం. మాటల్లేవు, పిల్లనిచ్చి పుచ్చుకోవడాల్లేవు. మా చిన్నాయన వల వాళ్ళే కోశారని మేము, వాళ్ళ పడవకి మేమే కన్నం పెట్టామని వాళ్ళు. "ఆ రోజుల్లో ఊరంతా ఒక్క కుటుంబం..." అని ఇక్కడ పోస్టులు పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ కుటుంబమండీ? ఎదురుపడితే ఉమ్మేసి పోయేవాళ్ళం.

అయినా సరే... వేసవి చివర ఒక రోజు రెండు పాళేల మగవాళ్ళూ పారలు పట్టుకుని వచ్చేవాళ్ళు. మేము కాలువ వైపు నుంచి, వాళ్ళు సముద్రం వైపు నుంచి తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలవాలి. ఆ రోజు ఎవరి కూడు వాళ్ళు తినకూడదు. మా కుండ వాళ్ళకి, వాళ్ళ కుండ మాకు. ఈ కట్టుబాటు ఏ పెద్దమనిషి పెట్టాడో తెలియదు గానీ, మధ్యాహ్నం వాళ్ళ చేతి అన్నం తిని సాయంత్రం వాళ్ళ మీదే పార ఎత్తడానికి ఎవరికి మొహం చెల్లుతుంది చెప్పండి...

చిన్నాయన వల తెగిన ఏడు నాకు పదేళ్ళు. పొయ్యి పక్కన కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాను. అమ్మ డబ్బాలోంచి గుప్పెడు కారం తీసింది. వాళ్ళ కుండలో వెయ్యడానికే. ఆమె కళ్ళు చూస్తేనే నాకు తెలిసిపోయింది. గడపలో పార పిడి బిగించుకుంటున్న మా నాయన తలెత్తి చూశాడు.

"ఏందిమే ఆ కారం? నోరు మండి వాళ్ళు నీళ్ళకి పరిగెత్తితే తవ్వేదెవురు? మన పడవ లోపలే ఉంటాది."

అంతే. మంచితనం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అమ్మ కారం మళ్ళీ డబ్బాలో పోసి, ఉప్పు రెండుసార్లు రుచి చూసి మరీ వండింది. మాకు వండేటప్పుడు కూడా అంత శ్రద్ధ నేనెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం వాళ్ళ పాళెం నుంచి ఆదెమ్మ అనే ఆవిడ కుండ తెచ్చి, మొహం అటు తిప్పుకునే ఇసుకలో దించి వెళ్ళిపోయింది. మామిడికాయ ముక్కలు వేసిన పులుసు... మా నాయన రెండోసారి పెట్టించుకున్నాడు. పొద్దు వాలేలోపు రెండు వైపుల నుంచి తవ్విన పాయలూ కలిశాయి, నీళ్ళు సముద్రంలోకి ఉరికాయి. ఎవరూ ఎవరినీ కౌగిలించుకోలేదు. ఎవరి పారలు వాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి పగ మామూలే... కానీ పడవలు మాత్రం బయటికి వెళ్ళాయి.

ఇప్పుడు రెండు పాళేలకీ కలిపి మత్స్యకారుల సంఘం, పొదుపు సంఘం, యువజన సంఘం, ఇవి చాలవన్నట్టు నెల్లూరు నుంచి వచ్చిన ఒక సేవా సంస్థ. మొగ తవ్వించే హక్కు మాదంటే మాదని మూడు సంఘాలు. ముందు మీలో ఐక్యత రావాలని ఆ సంస్థ. దానికో శిక్షణ కూడా పెట్టారు. మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టి, చేతికి దారపుండ ఇచ్చి, ఒకరికొకరు విసురుకోమన్నారు. అదంతా అల్లుకున్నాక "చూశారా, కలిస్తే వల అవుతుంది" అని చెప్పింది ఒక చదువుకున్న అమ్మాయి. పుట్టినప్పటి నుంచి వలలు అల్లుకుంటున్న జనానికి!

అంతా అయ్యాక ఫ్లెక్సీ మీద ఎవరి పేరు ముందుండాలని కొట్టుకున్నారు. మొగ అట్లాగే ఉండిపోయింది.

వేట నిషేధం తీరిన మొదటి రోజు నా తమ్ముడు ఆగలేకపోయాడు. రెండు నెలలు ఒడ్డున కూర్చున్నవాడు ఎట్లా ఆగుతాడు? మొగలో మేట మీది మోకాలి లోతు నీళ్ళలోనే పడవ దాటించబోతే అడుగు ఇసుకలో దిగబడి, అల అడ్డంగా కొట్టింది. పడవ రెండు ముక్కలు. వాడు బతికాడు గానీ కుడి భుజం విరిగింది. ఇక జన్మలో వల లాగలేడు. ఇప్పుడు ఎవరిదో రొయ్యల గుంట దగ్గర కాపలా.

పోయిన నెల సమన్వయ సమావేశం అన్నారు. పొదుపు సంఘం సభ్యురాలిని కాబట్టి నేనూ వెళ్ళాను. దండలు, అరటిపళ్ళు, నీళ్ళ సీసాలు... నాకిక పట్టలేదు. లేచి అడిగాను.

"మీరు పేర్ల కోసం కొట్టుకుంటా ఉండారు, నా తమ్ముడు భుజం పోగొట్టుకున్నాడు. మా నాయనోళ్ళకి మీకన్నా పగలు ఎక్కువే. అయినా తవ్వినారు. మీలో పార పట్టేవాడు ఒక్కడుంటే చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. నన్ను కూర్చోమ్మా అన్నారు, కూర్చోలేదు. వాళ్ళకి చెప్పాల్సింది చెప్పే బయటికి వచ్చాను.

వారం తిరక్కుండా మూడు సంఘాలూ, ఆ సేవా సంస్థా మొట్టమొదటిసారి కలిశాయి. ఎవరి పేరు ముందనే గొడవ కూడా రాలేదట. ఒకే కాగితం మీద నలుగురూ సంతకాలు పెట్టారు... నన్నిక ఏ సమావేశానికీ పిలవకూడదని. మా పొదుపు సంఘం సంతకం కూడా ఉంది అందులో.

పోన్లెండి. ఈ ఉదయం కూడా వెళ్ళి చూసి వచ్చాను... మొగ మూసుకునే ఉంది.

ఒకరంటే ఒకరికి పడకపోయినా కలిసి పని చేసిన మనుషులు మీ ఊళ్ళో ఎవరైనా మిగిలి ఉన్నారా? ఉంటే కింద రాయండి... నా తమ్ముడికి చదివి వినిపిస్తాను.